నా డాక్యుమెంటరీ రఫ్ కట్ చూసి, అందులో ఉన్నావిడ "ఆ ముక్క తీసెయ్యమ్మా" అంది. నా సినిమాలో ప్రాణం ఆ ముక్కే. ఏం చేయను?

అడిగినవారు: అలల_చప్పుడు

నమస్తే అండీ. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు, శని ఆదివారాలు కెమెరా. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని ఊళ్లో తిరిగి అమ్ముకునే ఆడవాళ్ల మీద రెండేళ్లుగా ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఇప్పుడు 34 నిమిషాల రఫ్ కట్, అంటే తొలి కూర్పు, తయారైంది.

తెల్లవారుజామున మూడున్నరకి అక్కడికి వెళ్తే ప్లాస్టిక్ టబ్బులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. కానాగంతలు, నెత్తళ్లు కుప్పలు పోయగానే వేలంపాట మొదలవుతుంది. ఒక్కళ్లే కుప్ప మొత్తం కొనలేరు కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి పాడి, నేల మీదే పంచుకుంటారు. ఆ పంపకం చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. తూకం ఉండదు, చేత్తోనే పంచుతారు. ఎవరికీ తక్కువ పడదు.

వాళ్లలో ఒకావిడని నేను పెద్దమ్మా అని పిలుస్తాను. సినిమా అంతా ఆవిడ వెనకే నడుస్తుంది. పోయిన వేసవి వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలని ఆ 61 రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నేను ఏమీ అడగలేదు. తనే మొదలుపెట్టింది. పాటకి పొద్దున తెచ్చే డబ్బు, సాయంత్రానికి కట్టే డబ్బు, నిషేధం రోజుల్లో తిండికి చేసిన అప్పు, కూతురి కోసం దాచిన బంగారం తాకట్టుకి వెళ్లడం, అన్నీ వేలి కణుపుల మీద లెక్కపెడుతూ చెప్పింది. ఎడమ చేతి కణుపులు అయిపోయాక ఒక్క క్షణం ఆగి, ఒళ్లో ఉన్న చేపల్ని పక్కకి జరిపి, కుడి చెయ్యి తీసుకుంది. 3 నిమిషాల 40 సెకన్ల షాట్ అది. ఎక్కడా కట్ చేయలేదు.

పోయిన ఆదివారం వాళ్లింట్లోనే ల్యాప్‌టాప్‌లో చూపించాను. మొదట్లో నవ్వుతూ చూసింది. ఆ షాట్ రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యాక "బాగుందమ్మా. ఆ అప్పుల ముక్క తీసెయ్యి" అంది. కూతురికి భీమిలి వైపు నుంచి సంబంధం వచ్చిందట, మాటలు నడుస్తున్నాయట.

ఆవిడ అనుమతి పత్రం మీద వేలిముద్ర వేసే ఉంది. ఒక ఫెస్టివల్‌కి పంపడానికి ఇంకా మూడు వారాలే టైముంది. ఆ షాట్ తీసేస్తే మిగిలేది సముద్రం, పడవలు, సూర్యోదయం, అంతే. వారం రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఇలాంటి సినిమాలు దశాబ్దాల తరబడి తీసినవాళ్లు, ముఖ్యంగా దీపా ధన్‌రాజ్ గారి లాంటివాళ్లు, ఇలాంటప్పుడు ఏం చేసేవారో తెలిసినవాళ్లు చెప్పండి.

కట్_పాయింట్

ఎడిటర్‌గా నా అభిప్రాయం చెప్తాను. ఉంచండి. అనుమతి ఇచ్చారు, మీరు అబద్ధం ఏమీ చూపించలేదు. ప్రతివాళ్లూ తమకి ఇబ్బందనిపించిన ముక్క తీసెయ్యమంటే చివరికి మిగిలేది పెళ్లి వీడియో. ఆవిడ ఒక్కరి ఇబ్బందికన్నా, అలా అప్పుల్లో ఉన్న వందలమంది కథ బయటికి రావడం ముఖ్యం కాదా? ఆ షాట్ గురించి మీరు రాసింది చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. పారేసుకోకండి.

పదహారు_ఎంఎం

అమ్మా, నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున్నే లేచి రాస్తున్నాను. నాకు 63 ఏళ్లు. సీతమ్మధారలో ఉంటాను. దీపా గారి పేరెత్తావు కాబట్టి ముందు అక్కడికి వెళ్తాను, తర్వాత నా సంగతి చెప్తాను. నా సంగతే నీకు ఎక్కువ పనికొస్తుందేమో.

1980లో ఆవిడ, ఆభా భయ్యా, మీరా రావు, కెమెరామన్ నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి యుగాంతర్ అని ఒక బృందం పెట్టుకున్నారు. మూడు నాలుగేళ్లలో నాలుగు చిన్న సినిమాలు తీశారు. మొదటిది పుణెలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మీద, ఇంకొకటి నిప్పాణి పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు సంఘం ఎలా కట్టుకున్నారన్నదాని మీద, మరొకటి చెట్లని కాపాడుకునే చిప్కో ఉద్యమంలోని ఒక స్త్రీ మీద. వాళ్ల మధ్యకి వెళ్లి, వాళ్లతో కూర్చుని, ఏం తీయాలో ఎలా తీయాలో వాళ్లతో మాట్లాడుకుని తీసిన సినిమాలవి. నాలుగోది మన తెలుగులోనే, 1983లో. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళల సంఘంతో కలిసి తీసిన "ఇది కథ మాత్రమేనా".

అది నేను చదువుకునే రోజుల్లో చూశాను. కుర్చీలు లేవు, చాపలు పరిచారు. ప్రొజెక్టర్ చప్పుడు సగం మాటల్ని మింగేసింది. ఒక మధ్యతరగతి ఇల్లు, పెళ్లైన ఒక అమ్మాయి, చెయ్యి చేసుకునే మొగుడు, నెమ్మదిగా నాలుగు గోడల మధ్య ఒంటరిదైపోవడం. మేం రోజూ చూసే ఇల్లే అది. లైట్లు వేశాక ఎవరూ లేవలేదు. నా పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ కూర్చుంది. "మా అక్క సంగతి కూడా ఇంతే" అని మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ ఉండగా ఎప్పుడో "మా అక్క" పోయి "నేను" వచ్చింది. ఆ సంగతి ఆవిడ గమనించుకోలేదు. మేమెవరం ఎత్తి చూపలేదు.

మిగతా మూడూ నిజం మనుషులతో తీసి, దీన్ని మాత్రం కల్పించిన కథగా, సంఘంలోని వాళ్లే నటించేలా ఎందుకు తీశారా అని చాలాకాలం అనుకునేదాన్ని. నాకు అర్థమైంది పదేళ్ల తర్వాత. అర్థమైన తీరు మంచిది కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆపేశారు కదా, అంతకుముందు వేసవి సంగతి ఇది. అప్పుడు నేనొక సంస్థలో పనిచేసేదాన్ని. భుజాన వేసుకునే వీహెచ్‌ఎస్ కెమెరా ఒకటి ఉండేది. చోడవరం దగ్గర ఒక ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని తెలిసి తీయడానికి వెళ్లాం. వాళ్లలో ఒకావిడకి పాతికేళ్లుంటాయి. పెరట్లో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, కొరివితో కాలిన మచ్చ చూపించింది. మొగుడు ఏ రోజు, ఏం అడిగి, ఎలా పెట్టాడో చెప్పింది. తీసుకోవచ్చా అంటే తీసుకో అంది. నేను తీసుకున్నాను.

రెండు నెలల తర్వాత అదే ఊళ్లో రామకోవెల ముందు అద్దె టీవీ పెట్టి క్యాసెట్ వేశాం. ఆవిడకి ముందుగా చూపించాలన్న ఆలోచనే మాకు రాలేదు. ఊళ్లోవాళ్లకి గర్వంగా ఉంటుందనుకున్నాం. నేను టీవీ పక్కన నిలబడి ఉన్నాను, కాబట్టి నాకు కనిపించింది జనం మొహాలే. టీవీ వెలుగులో ఆవిడ మొహం, వెనక అరుగు మీద మొగుడు, అతని తల్లి. టీవీలో ఆవిడ జాకెట్టు చెయ్యి మడవడం మొదలుపెట్టేసరికి ఇక్కడ కూర్చున్న ఆవిడ తన చేతిని కొంగుతో కప్పుకుంది. సినిమా అవ్వకుండానే లేచి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా పిల్లల్ని తీసుకుని కొత్తవలస దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. నేను వెతుక్కుంటూ వెళ్లాను. తిట్టలేదు. మంచినీళ్లిచ్చింది. "నువ్వొక్కదానివే వింటున్నావనుకుని చెప్పానమ్మా" అంది.

ముప్ఫై ఏళ్లు దాటింది. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మళ్లీ ఎవరికీ వేయలేదు.

అందుకే పైన ఎడిటర్ బాబు అన్న అనుమతి మాట నేను ఒప్పుకోలేను. మీ పెద్దమ్మ వేలిముద్ర వేసినప్పుడు ఆవిడ ఎదురుగా ఉన్నది నువ్వు. రెండేళ్లుగా తన ఇంట్లో టీ తాగిన పిల్లవి. తెర కాదు, భీమిలి వియ్యంకులు కాదు. చూశాక అన్న మాటే అసలు మాట.

మరి సినిమాలో ప్రాణం పోతుందంటావు. ఇక్కడే దీపా గారి మిగతా పని చూడమంటాను. 1991లో కుటుంబ నియంత్రణ మీద ఆవిడ తీసిన "సమ్‌థింగ్ లైక్ ఎ వార్" దొరికితే తప్పకుండా చూడు. అందులో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, మనిషి బొమ్మ గీసుకుని, తమ శరీరాల గురించి, పిల్లల గురించి మాట్లాడుకుంటారు. ఒకరి మాటని ఇంకొకరు అందుకుంటారు. ఇంకోపక్క ఆపరేషన్లు చేసే డాక్టరు తను ఎన్ని చేశాడో గర్వంగా లెక్క చెప్తుంటాడు. అతని దగ్గర కెమెరా ఏమాత్రం మొహమాటపడదు. నేను నేర్చుకున్నది ఇదమ్మా: ఆవిడ కరకుగా చూసింది అధికారం ఉన్నవాళ్లని. 1986లో హైదరాబాదు మతకల్లోలాల మీద తీసిన "క్యా హువా ఇస్ షహర్ కో" తీసుకున్నా, 2018లో రోహిత్ వేముల చనిపోయాక వచ్చిన ఉద్యమం మీద తీసిన సినిమా తీసుకున్నా చూపు అటే ఉంటుంది. మధ్యలో 2007లో పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారి మీద తీసింది కూడా కోర్టుల్లో, పోలీసుల ఎదుట ఒక మనిషి ఎలా నిలబడ్డాడన్నదే. దాదాపు నలభై ఏళ్ల పని. ఎక్కడా బలహీనుల కన్నీళ్ల మీద బతికిన సినిమా కాదు.

ఇప్పుడు నీ 34 నిమిషాలు తిరగేసి చూడు. అప్పు తీసుకున్న మనిషి ఉంది. అప్పు ఇచ్చినవాడు ఎక్కడున్నాడు? పొద్దున హార్బర్‌లో డబ్బు చేతులు మారే చోటు తీశావా? తాకట్టు కొట్టు బోర్డు తీశావా? ఆ బరువంతా ఒక్క ఆడమనిషి మొహం మీద పెట్టావు. అందుకే ఆ షాట్ తీసేస్తే సినిమా కూలిపోయేలా ఉంది.

జాలారిపేట_కుర్రోడు

అక్కా, మాది పెదజాలారిపేట. మా అమ్మ కూడా టబ్బు పట్టుకుని తిరిగిన మనిషే, మోకాళ్లు పోయాక మానేసింది. పైన అమ్మగారు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

2023 నవంబరులో హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడ్డాయి కదా. తెల్లారేసరికి ఎన్ని కెమెరాలో. మా చిన్నాన్న జెట్టీ మీద కూర్చుని ఏడుస్తుంటే ఒక ఛానల్‌వాళ్లు తీశారు. బోటు కాలిపోయి రోడ్డున పడ్డ యజమాని అని కింద వేశారు. మా చిన్నాన్న యజమాని కాదక్కా, కళాసీ. బోటు మీద కూలికి వెళ్లే మనిషి. బోటు పరిహారం బోటు యజమానులకి. ఆయనకి పోయింది పని. కానీ ఆ క్లిప్ ఫోన్లలో తిరిగి తిరిగి, చుట్టాలందరూ నీకెంత వచ్చింది, మాకేమన్నా సర్దుతావా అని అడిగేవాళ్లు. రాలేదంటే నమ్మేవాళ్లు కాదు. ఒక అత్త ఇంకా మాట్లాడదు. తీసినవాళ్లు ఒక్కసారి పేరు అడిగి, ఏం పని చేస్తావు అని అడిగితే సరిపోయేది.

అప్పు సంగతంటావా, మా పేటలో అప్పు లేని ఇల్లు నాకు తెలిసి లేదు. సంబంధం వాళ్లకీ ఉంటుంది. అందరికీ తెలిసిందే అయినా, పెళ్లి మాటలప్పుడు అది ఎవరూ పైకి తీయరు. అదొక మర్యాద. నీ సినిమా ఆ మర్యాద తీసేస్తుందని పెద్దమ్మ భయం. సిగ్గుపడి కాదు.

నువ్వు వచ్చి ల్యాప్‌టాప్‌లో చూపించావు చూడు, అదే గొప్ప. మా దగ్గర తీసుకెళ్లినవాళ్లు చాలామంది, తిరిగి తెచ్చి చూపించినవాళ్లని నేను చూడలేదు. ఇంకో మాట. పెద్దమ్మ ఒక్కతే ఎందుకు చెప్పాలి? గుమ్మంలో కూర్చుంటే పక్కింటివాళ్లు రాకుండా ఉంటారా? నలుగురూ ఉన్నప్పుడు అడిగి చూడు. ఆ షాట్ కావాలంటే పెళ్లయ్యాక మళ్లీ అడుగు. ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది. లేకపోతే లేదు.

కట్_పాయింట్

అనుమతి గురించి తొందరపడి రాశాను. అమ్మగారు చెప్పిన చోడవరం సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక విషయంలో నా పట్టు వదలను: ఆ లెక్క సినిమాలో ఉండి తీరాలి. మనిషి మారినా పర్లేదు, లెక్క పోకూడదు.

ఎడిటింగ్ వైపు నుంచి రెండు మాటలు. మొహం మసక చేసి గొంతు ఉంచుదామనుకోవద్దు. పేటలో గొంతు వింటే చాలు, ఎవరో చెప్పేస్తారు. చీర, గుమ్మం, గోడ రంగు కూడా పట్టిస్తాయి. చేతులు మాత్రమే క్లోజప్‌లో, చాలామందివి, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియకుండా తీయండి. గొంతులు విడిగా రికార్డ్ చేసి, ఒకదాని మీద ఇంకొకటి కలిసేలా వేయొచ్చు. కావాలంటే సౌండ్ నేను కూర్చుని చేస్తాను, డబ్బు వద్దు. పాత షాట్ హార్డ్ డిస్క్‌లో ఉంచుకోవచ్చా అని కూడా ఆవిడనే అడగండి.

అలల_చప్పుడు

అందరికీ దండాలు. పదిరోజులుగా ఇక్కడ రాయలేదు, ఏమైందో చెప్తాను.

మొన్న ఆదివారం కెమెరా లేకుండా వెళ్లాను. ఆ ముక్క తీసేశానని చెప్పాను. పెద్దమ్మ ఏమీ అనలేదు, లోపలికెళ్లి టీ పెట్టింది. పాత షాట్ గురించి అడిగితే "ఉంచుకో, ఎవరికీ సూపించకు" అంది. పెళ్లయ్యాక అడగొచ్చా అన్నాను. "అప్పుడు సూద్దాం" అంది.

తర్వాత తమ్ముడు చెప్పినట్టే అయింది. టీ తాగుతుండగా పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చారు, ఇంకో ముగ్గురు వచ్చారు. పాట డబ్బు ఎలా తెస్తారని మామూలుగా అడిగాను. అంతే. పొద్దున వెయ్యి తీసుకుంటే చేతికి తొమ్మిదొందలే ఇస్తారు, సాయంత్రం వెయ్యీ కట్టాలి అని ఒకావిడ అంది. నాకు అలా కాదు, నేను పాతదాన్ని, నాకు యాభయ్యే పట్టుకుంటాడని ఇంకొకావిడ. చేపలు అమ్ముడుపోని రోజు ఏం చేస్తారంటే ఒకేసారి నలుగురు మాట్లాడారు. పెద్దమ్మ తన సంగతి ఒక్కటీ చెప్పలేదు. మిగతావాళ్ల లెక్కలు మాత్రం సరిదిద్దుతూ కూర్చుంది. "అది తప్పు సెప్తంది, దానికి రెండు నెలల బాకీ ఇంకా ఉంది" అంటే అందరూ నవ్వారు.

ఈ శనివారం చేతులు తీయడానికి ఒప్పుకున్నారు. పెద్దమ్మ కూడా చెయ్యి పెడతానంది. ఉంగరం తీసేసి పెడుతుందట.

అప్పిచ్చేవాళ్ల వైపు తీయడం అనుకున్నంత సులువుగా లేదు. హార్బర్‌లో ఒకతను కెమెరా చూడగానే నోట్లకట్ట లుంగీలో దోపుకుని వెళ్లిపోయాడు. అతను వెళ్లిపోవడం మాత్రం రికార్డైంది. అమ్మగారూ, మీరు అన్నది అప్పుడు బాగా అర్థమైంది. రెండేళ్లు హార్బర్‌లో తిరిగాను, ఒక్కసారి కూడా అటు తిప్పలేదు.

ఈసారి ఫెస్టివల్‌కి అందదు. ఆఫీసులో సెలవుల్లేవు, సౌండ్ పని చాలా ఉంది. వచ్చే ఏడాది చూసుకుంటాను. దానికన్నా ముందు పేటలో వేయాలి. తమ్ముడు వాళ్ల మేడ మీద చోటుంది అన్నాడు. తెరకి తన దగ్గర పెద్ద తెల్ల దుప్పటి ఉందని పెద్దమ్మ ఇప్పటికే ఉతికి ఆరేసింది, గంజి పెట్టొద్దని చెప్పాను. ప్రొజెక్టర్ ఒక్క రాత్రికి ఎవరి దగ్గరైనా దొరుకుతుందా? దుప్పటికి మధ్యలో పైనుంచి కిందికి కుట్టు ఉంది. బొమ్మ పడితే అది కనిపిస్తుందా, లేక రెండో దుప్పటి వెతకమంటారా?